నాలుక కింద కెమెరా: ఐసీయూ రోగుల్లో సూక్ష్మ రక్తప్రసరణను అధ్యయనం చేయడం ఎలా

మానిటర్ మీద సగటు రక్తపోటు 70 ఉంది. గుండె కొట్టుకోవడంలో లోపం కనిపించదు. అయినా సంచిలో మూత్రం పెరగడం లేదు, లాక్టేట్ (కణజాలానికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) దిగి రావడం లేదు, మోకాళ్ల చుట్టూ చర్మం మీద ఊదా రంగు వల అల్లుకుంటోంది. ఐసీయూలో పనిచేసిన వారందరికీ ఈ రోగి పరిచయమే. పెద్ద కాలువలో నీరు నిండుగా పారుతున్నా చివరి మడి ఎండిపోతున్న పరిస్థితి ఇది. ఆ చివరి మడిని కళ్లారా చూసి, కొలిచి, నమ్మదగిన లెక్కగా మార్చడం ఎలాగో ఇక్కడ చెబుతాను. క్రిటికల్ కేర్‌లో పరిశోధన మొదలుపెడుతున్న పీజీ విద్యార్థులు, యువ వైద్యులు, రీసెర్చ్ నర్సులు నా మనసులో ఉన్న పాఠకులు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు మన చేతి నుంచే వస్తుంది. కెమెరాను కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, ఆరోగ్యవంతుల కేశనాళికల్లో కూడా రక్తం ఆగిపోతుంది. అందుకే "ఇక్కడ ప్రవాహం లేదు" అని రాసే ప్రతిసారీ "ఆపింది జబ్బా, నా చేయా?" అని అడగండి. కింద చెప్పే అడుగుల్లో సగం ఈ ప్రశ్నకు జవాబు కోసమే.

చూడబోతున్నది ఏమిటి?

సూక్ష్మ ప్రసరణ అంటే 100 మైక్రాన్లకు లోపు వ్యాసం ఉన్న నాళాల వల: ధమనికలు, కేశనాళికలు, సిరికలు. ఆక్సిజన్ కణజాలానికి అందేది ఇక్కడే. రక్తం ఒంట్లో చుట్టి వస్తుందని 1628లో విలియం హార్వే చెప్పినప్పుడు, ధమనుల నుంచి సిరల్లోకి అది ఏ దారిన చేరుతోందో ఆయనకు కనిపించలేదు. 1661లో మార్సెల్లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలను చూశాకే ఆ ఖాళీ పూడింది. చేతిలో పట్టుకునే కెమెరాతో రోగి మంచం పక్కనే నాలుక కింది నాళాలను చూసే పద్ధతి మాత్రం 1999 నాటికి గానీ రాలేదు.

సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) జరిగేదాన్ని "ప్రవాహం తగ్గింది" అన్న ఒక్క మాటలో సరిపెట్టలేం. ఒక కేశనాళికలో కణాలు కదలకుండా నిలిచిపోతే, దాని పక్కనే ఉన్న మరో నాళికలో రక్తం పరుగులు తీస్తుంటుంది. నాళాల లోపలి పొర ఉబ్బుతుంది, దాని మీది పలుచని రక్షణ పూత, గ్లైకోకేలిక్స్, రాలిపోతుంది, ఎర్ర కణాలు వంగే గుణం కోల్పోతాయి, తెల్ల కణాలు గోడలకు అంటుకుంటాయి, చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి. పరుగెత్తే దారిలో వెళ్లిన రక్తం తన ఆక్సిజన్‌ను పూర్తిగా ఇవ్వకుండానే తిరిగి వస్తుంది కాబట్టి సిర రక్తంలో ఆక్సిజన్ బాగానే కనిపిస్తుంది. కణజాలం మాత్రం ఆకలితో ఉంటుంది. ఈ అసమానతను పట్టుకోలేని కొలత ఏదైనా, సగటు చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"సెప్సిస్ రోగుల్లో సూక్ష్మ ప్రసరణను పరిశీలించడం" అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. "సగటు రక్తపోటు 65కు చేరిన సెప్టిక్ షాక్ (సెప్సిస్ వల్ల రక్తపోటు పడిపోయిన స్థితి) రోగుల్లో, రక్తం ఎక్కించిన గంట తర్వాత నాలుక కింద ప్రవహిస్తున్న నాళాల సాంద్రత పెరుగుతుందా?" అన్నది ప్రశ్న. రోగి ఎవరు, ఏ సమయంలో, ఏ జోక్యం తర్వాత, ఏ కొలత అన్న నాలుగూ అందులో ఉన్నాయి.

పెద్ద ప్రసరణ చక్కబడినా చిన్నది చక్కబడకపోవడానికి నాలుగు దారులున్నాయి. సెప్సిస్‌లో లాగా కొన్ని నాళికలు మూసుకుపోయి కొన్ని పారడం మొదటిది. సెలైన్ ఎక్కువై రక్తం పలచబడి, ఎర్ర కణాలున్న నాళికల మధ్య దూరం పెరగడం రెండోది. నాళాలు బాగా బిగుసుకోవడం వల్లనో, సిరల వైపు ఒత్తిడి పెరగడం వల్లనో ప్రవాహం నిలిచిపోవడం మూడోది. కణజాలం నీరుపట్టి, ఆక్సిజన్ ప్రయాణించాల్సిన దూరం పెరగడం నాలుగోది. మీ రోగుల్లో వీటిలో ఏది ఉంటుందని అనుకుంటున్నారో ముందే రాసి పెట్టుకోండి. ఎంచుకోవాల్సిన కొలత దాన్ని బట్టే మారుతుంది: మొదటిదానికి ప్రవాహపు నాణ్యత, రెండోదానికి, నాలుగోదానికి నాళాల సాంద్రత ముఖ్యం.

రెండో అడుగు: పరికరం ఎంచుకోండి, చేతి గడియారాన్ని మరవకండి

కెమెరా లేకపోతే పరిశోధనే లేదనుకోవడం తప్పు. ఒక గాజు స్లైడు, సెకన్లు లెక్కించే గడియారం ఉంటే కేశనాళికలు తిరిగి నిండే సమయాన్ని కొలవవచ్చు. కుడి చూపుడు వేలి చివరి కణుపు మెత్తని భాగం మీద గాజు స్లైడును ఆనించి, చర్మం తెల్లబడేదాకా ఒత్తిడి పెంచండి. పది సెకన్లు అలాగే ఉంచి వదలండి. మామూలు రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే అది అసహజం. వేలితో నొక్కడం కన్నా గాజు మేలు, ఎందుకంటే తెల్లబడటం దాని గుండా కనిపిస్తుంది. అందువల్ల ఒత్తిడి మనిషి మనిషికీ అంతగా మారదు. గది చల్లగా ఉన్నా, వెలుతురు చాలకపోయినా లెక్క తప్పుతుంది. కాబట్టి ఆ రెండూ నమోదు చేయండి.

ఇంత చిన్న పరీక్షకు ఎంత బలముందో 2019లో వెలువడిన ఆండ్రోమెడా-షాక్ ట్రయల్ చూపింది. దక్షిణ అమెరికాలోని 5 దేశాల్లో 424 మంది సెప్టిక్ షాక్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ సమయాన్ని, మరో జట్టుకు లాక్టేట్‌ను లక్ష్యంగా పెట్టి చికిత్స చేశారు. 28 రోజుల మరణాలు మొదటి జట్టులో 34.9 శాతం, రెండో జట్టులో 43.4 శాతం. తేడా గణాంకపరంగా రుజువు కాలేదు. అయినా ఖర్చులేని ఆ పరీక్ష లాక్టేట్‌కు ఏ మాత్రం తీసిపోలేదన్నది నిలిచింది.

మోకాలి చుట్టూ మచ్చలకు 0 నుంచి 5 వరకు స్కోరు ఇచ్చే పద్ధతి ఉంది. మోకాలి మధ్యలో నాణెమంత మచ్చ ఉంటే 1, గజ్జల మడత దాటి పైకి పాకితే 5. ముదురు చర్మం మీద ఇది సరిగా కనిపించదు. మీ రోగుల్లో ఎక్కువ మంది చర్మఛాయ అలాంటిదైతే దీన్ని ప్రధాన కొలతగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. ధమని, కేంద్ర సిర రక్తాల మధ్య కార్బన్ డయాక్సైడ్ పీడనంలో తేడా 6 మిల్లీమీటర్లు (పాదరసం) దాటితే ప్రవాహం చాలడం లేదని అనుమానించాలి. రెండు నమూనాలనూ ఒకేసారి తీయాలి, వెంటనే యంత్రంలో పెట్టాలి.

బొటనవేలి మొదట్లోని కండ మీద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టి, చేతికి బీపీ పట్టీ బిగించి మూడు నిమిషాలు రక్తాన్ని ఆపి వదిలే పరీక్ష మరొకటి. వదిలాక ఆక్సిజన్ ఎంత వేగంగా కోలుకుంటుందో చూస్తారు. సెప్సిస్‌లో ఆ వేగం మందగిస్తుంది. నాళాల్లో ఇంకా మిగిలి ఉన్న శక్తిని ఇది చూపుతుంది, అయితే ఏ నాళిక ఆగిందో చూపలేదు.

నాళాలను నేరుగా చూపేది నాలుక కింద పెట్టే వీడియో మైక్రోస్కోపు. దీనిలో మూడు తరాలున్నాయి: ఓపీఎస్ (ఆర్థోగొనల్ పోలరైజేషన్ స్పెక్ట్రల్), ఎస్‌డీఎఫ్ (సైడ్‌స్ట్రీమ్ డార్క్ ఫీల్డ్), ఐడీఎఫ్ (ఇన్సిడెంట్ డార్క్ ఫీల్డ్). మూడింటి సూత్రం ఒక్కటే. ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ ఉన్నదైనా లేనిదైనా దాదాపు సమానంగా. అందుకే తెల్లని నేపథ్యం మీద ఎర్ర కణాలు నల్లగా కదులుతూ కనిపిస్తాయి. కెమెరాకు కనిపించేది నాళం గోడ కాదు, అందులోని ఎర్ర కణాలు. కణాలు లేని నాళిక తెర మీద ఉండదు. సాంద్రత తగ్గిందంటే నాళాలు మాయమయ్యాయని అనుకోకండి. అవి ఖాళీగా ఉండి ఉండవచ్చు.

మూడో అడుగు: అనుమతి, నమోదు

ప్రాణాపాయంలో ఉన్న మనిషి సంతకం పెట్టలేరు. చట్టం ఒప్పుకునే ప్రతినిధి నుంచి సమ్మతి ఎలా తీసుకుంటారో, రోగి కోలుకున్నాక మళ్లీ ఎలా అడుగుతారో ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలో స్పష్టంగా రాయండి. తలుపు దగ్గర నిలబడ్డ కుటుంబానికి మీ కెమెరా చికిత్సలో భాగమా, పరిశోధనా అన్నది తెలియాలి. వీడియోలో ముఖం రాకపోయినా అది వైద్య రికార్డే. పేరు తీసి, సంఖ్య ఇచ్చి దాచాలి.

ఎవరిని తీసుకోకూడదో కూడా ముందే నిర్ణయించండి: నోటిలో రక్తస్రావం, నోటి శస్త్రచికిత్స, నాలుక కింద పుండ్లు, మాస్కు తీస్తే ఆక్సిజన్ పడిపోయేవారు.

నాలుగో అడుగు: కెమెరా తీసే ముందు కాగితం నింపండి

వీడియో తీసిన నిమిషానికి రోగి స్థితి ఏమిటో తెలియకపోతే ఆ వీడియోకు విలువ లేదు. సగటు రక్తపోటు, గుండె వేగం, ఒంటి ఉష్ణోగ్రత, హిమోగ్లోబిన్, లాక్టేట్, నార్‌ఎడ్రినలిన్ (రక్తపోటు పెంచే మందు) మోతాదు, మత్తుమందులు, గత గంటలో ఎక్కించిన ద్రవాలు: ఇవన్నీ నాళాల మీద ప్రభావం చూపేవే. షాక్ మొదలై ఎన్ని గంటలైందో తప్పనిసరిగా రాయండి. సెప్టిక్ షాక్‌లో బతికి బయటపడ్డవారిలో ఈ మార్పులు త్వరగా చక్కబడ్డాయని, చనిపోయినవారిలో అలాగే ఉండిపోయాయని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అంటే ఒక్కసారి తీసిన వీడియో కన్నా, సమయాన్ని ముందే నిర్ణయించుకుని మళ్లీ మళ్లీ తీసినవి ఎక్కువ చెబుతాయి.

ఐదో అడుగు: వీడియో తీయడం

ఇక్కడ తొందర పనికిరాదు. నాకు ఈ పని నేర్పినవారు మొదటి వారమంతా ఒకే పని చెప్పారు: ఆరోగ్యంగా ఉన్న సహోద్యోగుల నాలుక కింద చూడు. సహజమైనది ఎలా ఉంటుందో కంటికి అలవాటు కాకుండా అసహజమైనదాన్ని గుర్తించలేం. మీరూ అదే చేయండి.

రోగి దగ్గర మొదట లాలాజలాన్ని మెత్తగా పీల్చేసి, తడిపిన గాజుగుడ్డతో నాలుక కింద తుడవండి. రుద్దకూడదు. చిన్న బుడగ మిగిలినా తెర మీద అది గుండ్రని నల్లని వలయంగా నిలిచి సగం చిత్రాన్ని మింగేస్తుంది. కెమెరా కొనకు ఒకరికే వాడే శుభ్రమైన తొడుగు వేయండి. మోచేతిని మంచం మీదో దిండు మీదో ఆనించండి, గాలిలో ఉన్న చేయి పది సెకన్లు కూడా నిలవదు.

కొనను నాలుక అడుగున, మధ్య మడతకు ఒక పక్కగా చేర్చండి. తాకీ తాకగానే చిత్రం కనిపిస్తుంది. ఫోకస్ సరిచేయండి. ఇప్పుడు చూడాల్సింది కేశనాళికలను కాదు, కాస్త పెద్ద సిరికలను. వాటిలో రక్తం ధారగా పారుతోందా? ఒక సిరికను ఎంచుకుని, కెమెరాను వెంట్రుకవాసి వెనక్కి లాగండి. వెనక్కి లాగగానే అందులో వేగం పెరిగితే, అంతవరకూ మీరు నొక్కుతున్నారన్నమాట. మరి కాస్త వెనక్కి లాగండి. చిత్రం చెదిరిపోయే హద్దు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఒక్క పిసరు ముందుకు రండి. మీరు ఉండాల్సిన చోటు అదే. ఆ తర్వాత కూడా సిరిక బాగా పారుతూ, దాని పక్కన 7, 8 మైక్రాన్ల సన్నని నాళికలో కణాలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి ఆగి ఉంటే, అప్పుడు నమ్మండి. అది మీ చేయి చేసిన పని కాదు.

అక్కడ 20 సెకన్లు కదలకుండా రికార్డు చేయండి. తర్వాత చోటు మార్చండి. తెర మీద కనిపించేది ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్ల మేరే కాబట్టి ఒక చోటుతో ఏమీ తేలదు. కనీసం మూడు, వీలైతే ఐదు చోట్ల తీయాలి. మరీ చెడ్డగా కనిపించిన చోటునో, అందంగా కనిపించిన చోటునో ఎంచుకోవాలన్న కోరిక మనకు తెలియకుండానే పుడుతుంది. దాన్ని అణచుకోవడానికి చోట్ల వరుసను ముందే నిర్ణయించుకోండి.

ఆరో అడుగు: వడపోత

తీసిన వీడియోలన్నీ లెక్కకు పనికిరావు. 2013 నుంచి వాడుకలో ఉన్న నాణ్యతా స్కోరులో ఆరు అంశాలున్నాయి: వెలుతురు, నిడివి, ఫోకస్, చిత్రంలో ఉన్నవి, నిలకడ, ఒత్తిడి. ఒక్కోదానికి బాగుంటే 0, సరిపెట్టుకోగలిగితే 1, పనికిరాకపోతే 10. ఏ ఒక్కదానికి 10 పడినా ఆ వీడియో పక్కకు. ఈ వడపోత రోగి ఎవరో, బతికారో లేదో తెలియని మనిషి చేయాలి. నేను మొదట్లో తీసిన వీడియోల్లో చాలావరకు "ఒత్తిడి" దగ్గరే ఓడిపోయాయి. వాటిని లెక్కలోకి తీసుకుని ఉంటే, లేని జబ్బును కనిపెట్టినట్టు ప్రకటించేవాడిని.

స్కోరును మంచం పక్కనే, కెమెరాను సర్దేసేముందే ఒకసారి వేసుకోండి. చెడితే అప్పుడే మళ్లీ తీయవచ్చు. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆ అవకాశం ఉండదు.

ఏడో అడుగు: లెక్క

20 మైక్రాన్ల కంటే సన్నని నాళాలను విడిగా లెక్కించండి. అసలు కథ వాటిలోనే ఉంది. పెద్ద సిరికలను లెక్కిస్తున్నది ఒత్తిడికి సాక్ష్యంగా మాత్రమే.

మొత్తం నాళాల సాంద్రత అంటే చదరపు మిల్లీమీటరు మేరలో నాళాల పొడవు ఎన్ని మిల్లీమీటర్లు అని. వాటిలో ప్రవాహం ఉన్నవి ఎంత శాతమో చూస్తే ప్రవహించే నాళాల నిష్పత్తి వస్తుంది. నిదానంగానైనా పారుతున్నవి ప్రవాహం ఉన్నవే. ఆగినవి, ఆగుతూ సాగుతూ ఉన్నవి లేనివి. ఈ రెండూ కలిసి ప్రవహించే నాళాల సాంద్రతను ఇస్తాయి. ఒకే ఒక్క సంఖ్యను ప్రధాన ఫలితంగా పెట్టుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఎన్ని నాళాలు ఉన్నాయి, ఎన్ని పారుతున్నాయి అన్న రెండూ అందులో ఉన్నాయి.

ప్రవాహ సూచిక, అంటే ఎంఎఫ్‌ఐ, కంటితో వేసే స్కోరు. తెరను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఎక్కువగా కనిపించే ప్రవాహానికి అంకె ఇవ్వాలి: ఆగితే 0, ఆగుతూ సాగితే 1, మందంగా ఉంటే 2, ధారగా ఉంటే 3. నాలుగు భాగాల్లో 3, 3, 2, 1 వచ్చాయనుకోండి, సగటు 2.25. 2.6 కంటే తక్కువను అసహజంగా తీసుకున్న అధ్యయనాలున్నాయి.

ఇక అసమానత. ఒక రోగికి మూడు చోట్ల 2.8, 2.0, 1.2 వచ్చాయి. ఇంకొకరికి మూడు చోట్లా 2.0. ఇద్దరి సగటూ 2.0. గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేసి సగటుతో భాగిస్తే మొదటివారిలో 0.8, రెండోవారిలో 0. సగటు ఒకటే అయినా ఈ ఇద్దరికీ ఉన్నది ఒకే జబ్బు కాదు. ఈ సూచికను మీ పట్టికల్లో వదిలేయకండి.

సాఫ్ట్‌వేర్ గీసిన నాళాల గీతలను కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. కదలిక వల్ల వచ్చిన నీడను నాళంగా గీయడం, మసకబారిన నాళికను వదిలేయడం మామూలే. కొన్ని వీడియోలను ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకే మనిషి కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు లెక్కించాలి. ఆ పొందిక ఎంతో ఫలితాల్లో రాయాలి. లెక్కించేవారికి రోగి పేరు, రోజు, చికిత్స ఏవీ తెలియకూడదు.

ఎనిమిదో అడుగు: గణాంకాలు

30 మంది రోగులు, ఒక్కొక్కరికి ఐదు వీడియోలు, నాలుగు సమయాలు. ఇవి 600 పరిశీలనలు అని సంబరపడకండి. రోగులు 30 మందే. ఒకే రోగి వీడియోలు ఒకదానికొకటి చుట్టాలు. కాబట్టి చోట్ల సగటును రోగికి ఒక విలువగా తీసుకోండి, లేదా పునరావృత కొలతలకు తగిన మిశ్రమ నమూనా (మిక్స్‌డ్ మోడల్) వాడండి. మూడో రోజు వీడియో లేనివారు ఎవరో చూడండి: కొందరు చనిపోయారు, కొందరు మెలకువ వచ్చి నోరు తెరవలేదు. ఈ రెండు ఖాళీలూ ఒకటి కావు. ఒకే తీరుగా పూడ్చకూడదు.

తొమ్మిదో అడుగు: ఫలితానికి ఎంత బలముందో అంతే చెప్పండి

2002లో బ్రస్సెల్స్‌లో డానియెల్ డి బాకర్ బృందం సెప్సిస్ రోగుల్లో సన్నని నాళాల ప్రవాహం దెబ్బతింటుందని చూపినప్పుడు, దాన్ని సరిచేస్తే ప్రాణాలు నిలుస్తాయన్న ఆశ చాలామందిలో పుట్టింది. ఆ ఆశ నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ అది ఇంకా రుజువు కాలేదు. నాళాలను తెరుస్తుందని నైట్రోగ్లిజరిన్ ఇచ్చి చూసిన 2010 ట్రయల్‌లో ప్రవాహం సాధారణ చికిత్స కన్నా మెరుగుపడలేదు. 36 ఐసీయూల్లో 501 మందిని చూసిన మైక్రోసోప్ అధ్యయనంలో 17 శాతం మందికి ప్రవాహం అసహజంగా ఉన్నా, మొత్తం మీద దానికీ మరణానికీ సంబంధం కనిపించలేదు. గుండె వేగం 90 దాటినవారిలో మాత్రం కనిపించింది. షాక్‌లో ఉన్నవారికి మంచం పక్కనే నాలుక కింద చూసి, ఆ సమాచారాన్ని వైద్యులకు అందించిన ట్రయల్ ఫలితం 2023లో వచ్చింది. దానివల్ల మరణాలు తగ్గలేదు.

నాలుక కింద చూసినది పేగుల్లోనూ అలాగే ఉంటుందని రాయకండి. పొట్టలో సెప్సిస్ ఉన్నవారిలో నాలుక కింద, పేగు స్టోమా (పొట్ట మీద శస్త్రచికిత్సతో తెరిచిన పేగు ద్వారం) దగ్గర ఒకేసారి చూసిన 2007 అధ్యయనంలో మొదటి రోజు రెండింటికీ పొంతన లేదు. మూడో రోజుకు గానీ కుదరలేదు.

రాసేటప్పుడు తప్పక ఇవ్వాల్సిన వరుస ఇది: ఎన్ని వీడియోలు తీశారు, ఎన్ని పక్కన పెట్టారు, ఏ అంశం కింద ఎన్ని పోయాయి, తీసింది ఎవరు, వారికి ఎంత శిక్షణ ఉంది, లెక్కించింది ఎవరు. పక్కన పెట్టిన వీడియోలను చెరిపేయకండి. వాటిని కూడా రోగి సంఖ్యతో, తేదీతో, తిరస్కరించిన కారణంతో అదే ఫోల్డర్‌లో ఉంచండి. మీ ఫలితాన్ని సందేహించే సమీక్షకులు మొదట అడిగేది వాటినే.